మంచులో వేసిన పాలిష్

ఈ బరువు మోయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. దించమని మిమ్మల్ని అడగడం లేదు. వింటే చాలు. విన్నాక తిట్టుకుంటే తిట్టుకోండి.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. నంది కొండమీద ఒక బంగళాలో టేకు నేల. బూట్లతో తిరిగి తిరిగి కిటికీ దగ్గరా గుమ్మం దగ్గరా పాలిష్ అరిగి చెక్క బయటపడింది. బాగుచేయమని చింతామణి ఊరినుంచి నన్ను పిలిపించారు. అరిగినంత మేరే గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌లో కరిగించిన లక్కను దూది ముద్దతో పలచగా పూత మీద పూత వేయాలి. పాతదీ కొత్తదీ కలిసే అంచు కంటికి ఆనకూడదు. ఆ పనిలో నాకు సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. గొప్పలు కాదు, నిజం.

గంగమ్మ అక్కడ ఊడ్చే మనిషి. కింద ఊరినుంచి రోజూ మెట్లెక్కి వచ్చేది. ఇంట్లో మొగుడు మంచాన పడ్డాడు, ఈ జీతమే ఆధారం. శుక్రవారం తడిగుడ్డ పెట్టని ఇల్లు ఆమె లెక్కలో ఇల్లే కాదు. అయినా, ఈ నేలకు చుక్క నీళ్లు తగలకూడదని నేను చెబితే విన్నది. ఆ శుక్రవారం బయటి రాతిమెట్టు మాత్రం కడిగి ముగ్గేసుకుంది.

ఆ పొద్దున మంచు కమ్మింది. చెమ్మ గాలిలో లక్క వేస్తే తెల్లబారుతుంది. ఎండ వచ్చేదాకా ఆగాలని నాకు తెలియదా? తెలుసు. నా చేతిమీద నాకున్న పొగరు ఆగనివ్వలేదు. మధ్యాహ్నానికి కిటికీ దగ్గర జానెడు మేర తెల్లటి మచ్చ తేలింది.

బంగళా మేనేజరు వచ్చి ఇదేమిటన్నాడు. నీళ్లు పడ్డాయన్నాను. శుక్రవారం కదా, మెట్టు దగ్గర బకెట్టు ఇంకా అలాగే ఉంది. అతను గంగమ్మను పిలిచి రేపటినుంచి రావద్దన్నాడు. ఆమె అతన్ని దాటుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను తడిగుడ్డ పెట్టేది నువ్వు చూస్తివా అప్పా?"

"చూస్తినమ్మా."

ఆమె చీపురు గోడకానించి మెట్లు దిగిపోయింది.

ఎండ వచ్చాక ఉత్త స్పిరిట్‌లో తడిపిన ముద్దతో ఆ మచ్చమీద రెండుసార్లు తుడిచాను. వక్కాకు నమిలేంతసేపట్లో పోయింది. పోతుందని ముందే తెలుసా అంటే, అదీ తెలుసు. మరి ఆ మాట మేనేజరుతో ఎందుకు అనలేదు? చెయ్యి చెడిందన్న పేరు ఒక్కసారి వస్తే మళ్లీ ఎవరు పిలుస్తారు, నా పిల్లలకు కూడు ఎక్కడిది అని సర్దిచెప్పుకున్నాను. అందులో సగం ఇప్పటికీ నమ్ముతాను. మీరైతే ఏం చేసేవారు?

ఆమెను నేను వెతకలేదు. ఇకమీద వెతకను కూడా. క్షమించమని అడిగే మొహం కాదు నాది, అడగను. అంచు కనబడకుండా పూత వేయడం నాకొచ్చిన విద్యే, దీనికి మాత్రం వేయను. ఆమె అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటాను.

నేను చూడలేదు గంగమ్మా. నువ్వు పెట్టలేదు.