ఉదయగిరి టీచరమ్మ గారి ఒక టన్ను ఏసీ

2024 మే నెల మొదటి వారం. ఆత్మకూరు బస్టాండుకి కొంచెం అవతల నా ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపు. ఆ నెలలో ఈ పని చేసేవాళ్ళకి కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. "అన్నా, చల్లగా రావడంల్యా" అనే మాట పొద్దున లేచిన కాడి నించి వింటానే ఉంటాను. అందులో సగానికి పైగా ఫిల్టరు కడక్కపోవడం వల్లే. ఏసీ తెచ్చిన రోజు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు, ఆ తర్వాత మూడేళ్ళు దాని మూత తెరవరు. ఆ మాట చెప్తే వాళ్ళకి కోపం, చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బరం. నాకు నోరు కొంచెం ఎక్కువేనని మా ఆవిడ సుజాత అంటుంది, ఒప్పుకుంటాను.

ఆ వారం ఉదయగిరి నించి సుగుణమ్మ టీచరు ఫోన్ చేసింది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త ప్రసాదరావు గారు పోస్టాఫీసులో చేసి రిటైరైనారు. వాళ్ళింట్లో ఇరవై ఏళ్ళ నాటి విండో ఏసీ ఉండేది, అంటే కిటికీలో పెట్టే పాత రకం పెట్టె. అది ముందురోజు మధ్యాహ్నం గట్టిగా మూలిగి ఆగిపోయిందంట.

పోయి విప్పి చూస్తే కంప్రెసర్ బిగుసుకుపోయి ఉంది. గ్యాసును నొక్కి తిప్పే మోటారు అది, ఏసీకి గుండెకాయ లాంటిది. గ్యాసు తిరిగే గొట్టాల చుట్ట, కాయిల్, దానికి కూడా రెండు చోట్ల చిల్లులు పడినాయి.

"రిపేరు చేస్తే నడస్తాదా అబ్బాయ్?" అనింది టీచరమ్మ.

"ఈ వయసులో దానికి ఆపరేషన్ చేసినా లేచి కూర్చోదు టీచరమ్మా. కొత్తది పెట్టుకోండి."

"అయితే రేపే పెట్టు. ఎల్లుండి దాకా ఆగలేం" అనింది. అంత తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎండకి తట్టుకోలేక అనుకున్నాను.

కొత్త ఏసీ పెట్టేముందు లోడ్ లెక్క వెయ్యాల. గదిలో ఎంత వేడి పుడతాదో చూసి, దాన్ని లాగి బయట పారెయ్యడానికి ఎన్ని టన్నుల మిషన్ కావాలో తేల్చడం. టన్ను అంటే బరువు కాదు, వేడిని లాగే శక్తి. టేపు తీసి కొలిచినాను. పది అడుగులు, పన్నెండు అడుగులు. పైన అద్దెకిచ్చిన వాటా ఉంది కాబట్టి స్లాబు కాలదు. పడమటి గోడకి పక్కింటి గోడ ఆనుకుని ఉంది. ఒకటే కిటికీ.

"గదిలో ఎంతమంది ఉంటారు?" అని అడిగినాను.

టీచరమ్మ ఆయన వైపు చూసింది. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "ఇద్దరమే" అనింది. మళ్ళీ ఆమే, "అయినా ఒకటిన్నర టన్ను పెట్టరాదా?" అనింది.

నాకు చిర్రెత్తింది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి ఈ మాత్రం తెలీదా అనుకున్నాను. "ఇద్దరికి ఈ గదిలో ఒక టన్ను ధారాళం టీచరమ్మా. వేరేవాళ్ళయితే మీరడిగినారు కదాని ఒకటిన్నర అంటగట్టి పోతారు. నేనట్టా చెయ్యను" అని కాసేపు ఉపన్యాసం ఇచ్చినాను. మర్నాడే ఒక టన్ను స్ప్లిట్ బిగించి, పాత పెట్టె ఉన్న కంతని ఇటుకలతో పూడ్పించి వచ్చినాను.

మా అక్క రమణమ్మను ఇచ్చింది ఆ ఊరికే. బిగించిన రోజు మధ్యాహ్నం అన్నం అక్కా వాళ్ళింట్లో తిన్నాను. మా మేనకోడలు మౌనిక పదో తరగతి లెక్కల్లో తప్పి అప్పటికి పది పన్నెండు రోజులు. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. బావ నా పక్కన కూర్చుని, "ఏం చేద్దాం బామ్మర్దీ ఈ పిల్లను? మళ్ళీ ఫీజు కట్టమంటా ఉండాది" అన్నాడు.

నేను పప్పన్నం కలుపుకుంటా, "చదువు ఎక్కకపోతే ఎందుకు బావా గుంజులాట? కుట్టు మిషన్ నేర్పించు, చేతి పని ఉంటే ఎక్కడైనా బతకతాది" అన్నాను. మజ్జిగ పోస్తా ఉన్న మౌనిక చెయ్యి ఆగింది. నేను తలెత్తి చూడలేదు. సాయంత్రానికి బావ కుట్టు క్లాసులో మాట్లాడేసినాడు.

రెండు రోజులకి టీచరమ్మ ఫోను. చల్లగా రావడంల్యా అని. కొత్త ఏసీకి ఆ మాట వింటే మాకు పెళ్ళిలో భోజనం బాగాలేదన్నట్టు ఉంటాది. మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా పోయినాను. ఏసీలో గాలి వచ్చే గ్రిల్ దగ్గర థర్మామీటరు పెడితే పన్నెండు డిగ్రీలు. ఇరవై నిమిషాల్లో ప్రసాదరావు గారు టవలు కప్పుకున్నారు.

"ఇంకేం కావాల సార్?" అన్నాను.

"బ్రహ్మాండంగా ఉండాది నాయనా, నన్నడగొద్దు" అన్నారాయన నవ్వి.

మూడు రోజులకి మళ్ళీ ఫోను. మళ్ళీ పొద్దున్నే పోయి గ్యాసు ప్రెషర్, కరెంటు లాగే ఆంప్స్ అన్నీ చూసినాను. ఒక్క తప్పు లేదు. మధ్యాహ్నం వోల్టేజి పడిపోతా ఉందేమోనని నా దగ్గరున్న స్టెబిలైజర్ కూడా తగిలించి వచ్చినాను. అయినా మూడోసారి ఫోను వచ్చింది. ఈసారి ఆమె గొంతు వేరేగా ఉంది.

"అబ్బాయ్, నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ మధ్యాహ్నం గది ఉడికిపోతా ఉండాది. ఇంక తొమ్మిది రోజులే ఉండాయి."

"దేనికి తొమ్మిది రోజులు?" అంటే, "ఏం లేదులే" అని పెట్టేసింది.

అదే రోజు అక్క ఫోన్ చేసి, "శీనయ్యా, నువ్వు పెట్టిన ఏసీ పన్జెయ్యడంల్యా అని ఈడ అనుకుంటా ఉండారు" అనింది. ఇంక నాకు నిద్ర పట్టలేదు. పదిహేనేళ్ళుగా ఈ చుట్టుపక్కల నా పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. అంత మంచి మిషను పొద్దున మంచు కురిపించి మధ్యాహ్నం ఎందుకు ఉడికిస్తాదో ఎంత ఆలోచించినా తట్టలేదు.

మర్నాడు వింజమూరులో ఒక పని ముగించుకుని, ఫోన్ చెయ్యకుండా, సరిగ్గా మూడు గంటలకి ఉదయగిరిలో దిగినాను. కొండ మీద నించి వచ్చే గాలి కూడా పెనం మీది ఆవిరి మాదిరి ఉంది. బయట యూనిట్ పెరట్లో ఉంది కాబట్టి తిన్నగా పెరటి వైపు పోయినాను. ఫ్యాను ఆగకుండా తిరగతా ఉంది. దాని పక్కన, బట్టలుతికే బండ చాటున, వరసగా చెప్పులు. అన్నీ ఆడపిల్లలవి. లెక్కబెట్టినాను, పదకొండు జతలు.

తలుపు తట్టినాను. లోపల మాటలు టక్కున ఆగిపోయినాయి. టీచరమ్మ తలుపు కొంచెం తీసి నన్ను చూసి, ఏమనుకుందో, పూర్తిగా తీసేసింది. ఆ పది అడుగుల గదిలో చాపల మీద మోకాళ్ళు ఆనించుకుని పదకొండు మంది పిల్లలు. నోటు పుస్తకాలతో విసురుకుంటా ఉన్నారు. బోర్డు మీద త్రికోణమితి.

"ఇద్దరమే అన్నారు కదా టీచరమ్మా" అన్నాను.

"అబద్ధం ఆడినాను" అనింది ఆమె తిన్నగా. "పిల్లలకి అబద్ధం ఆడగూడదని జన్మంతా చెప్పిన నోటితోనే ఆడినాను. వీళ్ళంతా లెక్కల్లో తప్పినోళ్ళు. సప్లిమెంటరీ రాస్తారు. ఊళ్ళో వాళ్ళ సానుభూతికి ఈ పిల్లలు సగం చచ్చిపోయినారు. మళ్ళీ రాస్తున్నామని తెలిస్తే, మళ్ళీ తప్పితే ఇంకెంత మాట్లాడతారో అని వీళ్ళ భయం. ఎవరికీ చెప్పనని మాటిచ్చినాను. ఒకతి అవ్వకి మందులు తేవాలని వస్తాది, ఒకతి స్నేహితురాలి ఇంటికని వస్తాది."

ఒక్కో మనిషి కూర్చుంటే పాత నూరు వాట్ల బల్బు వెలిగినంత వేడి పుడతాది. పదకొండు మంది, వాళ్ళకి తోడు టీచరమ్మ. అంటే పన్నెండు బల్బులు వెలిగించిన గదికి నేను ఇద్దరి లెక్క వేసిన ఏసీ పెట్టినాను. మిషను తప్పేం లేదు. ఆ మాట చెప్పబోతా ఉంటే మూలన ఒక పిల్ల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోవడం కనపడింది. పుస్తకం వెనక నించి, "మామా" అని సన్నగా వినపడింది.

మౌనిక.

"మిషన్ క్లాసు?" అన్నాను.

"పొద్దున పోతా ఉండా మామా. అది ఎగ్గొట్టలేదు. మధ్యాహ్నం కూడా క్లాసు ఉండాదని చెప్పి ఇక్కడికి వస్తా ఉండా." పుస్తకం దించింది. మొహమంతా చెమట, కళ్ళలో నీళ్ళు. "ఫీజు టీచరమ్మే కట్టింది. అమ్మకి చెప్పొద్దు మామా. నువ్వు చెప్తే నాన్న ఇంక పంపడు. నువ్వంటేనే వింటాడు."

నేనంటేనే వింటాడు. ఆ ముక్క గుండెల్లో దిగబడింది. పప్పన్నం కలుపుకుంటా, ఆ పిల్ల మొహం కూడా చూడకుండా ఒక మాట పారేసినాను. ఆ మాటకి ఈ పిల్ల మండుటెండలో దొంగ మాదిరి పెరటి దోవన వస్తా ఉంది.

"ఎవరికీ చెప్పను. నువ్వు చదువుకో" అన్నాను. ఇంకా ఏమైనా మాట్లాడితే పదకొండు మంది ముందర ఏడ్చేసేవాణ్ణి. బయటికి వచ్చి యూనిట్ మూత విప్పినట్టు నటించినాను.

ఇప్పుడు ఏం చెయ్యాల? బిగించిన ఏసీని డీలరు వెనక్కి తీసుకోడు. టీచరమ్మను ఇంకోటి కొనమనడానికి నాకు మొహం లేదు. మా ఇంట్లో ఒకటిన్నర టన్ను ఉంది, రెండేళ్ళ కిందట నేనే బిగించింది. గదిలో ఉండేది మేము ఇద్దరం, చిన్నోడు. మర్నాడు సుజాత వాళ్ళమ్మ దగ్గరికి పోయి వచ్చేలోగా పని కానిచ్చేసినాను. పంప్‌డౌన్ చేసి, అంటే గ్యాసంతా బయట యూనిట్లోకి లాగి మూసేసి, రెండు ఏసీలనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చినాను. టీచరమ్మతో ఎక్స్‌ఛేంజ్ స్కీమని చెప్పినాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "నా క్లాసులో ఉంటే నువ్వు లెక్కల్లో తప్పేవాడివి అబ్బాయ్" అనింది, అంతకు మించి గుచ్చి అడగలేదు.

సుజాత ఇంటికి రాగానే గోడ వైపు చూసి నిలబడిపోయింది. "ఇదేంది, మన ఏసీ చిక్కిపోయింది?"

"కంప్లైంట్ వచ్చింది. మార్చినాను."

"రెండేళ్ళకే కంప్లైంటా? నువ్వే కదా బిగించింది. ఊరంతా నీ పనితనం పొగడతా ఉంటే నిజమేననుకున్నా" అనింది. నిజం చెప్తే రాత్రికల్లా అక్కకి తెలిసిపోతాది. అందుకని నా పనితనాన్ని నా ఇంట్లోనే నేనే బలి ఇచ్చుకుని, తలొంచుకుని పడుకున్నాను. ఆ ఏసీ కింద అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

పరీక్ష దాకా ఫోను రాలేదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక మధ్యాహ్నం పోయి చూసినాను. గదిలో ఇరవై ఆరు డిగ్రీలు. పిల్లలెవరూ విసురుకోవడం లేదు. మౌనిక బోర్డు దగ్గర నిలబడి ఇంకో పిల్లకి లెక్క చెప్తా ఉంది. నన్ను చూసి నవ్వి, మళ్ళీ లెక్కలోకి పోయింది.

ఫలితాలొచ్చిన రోజు నేను ఆత్మకూరులో ఒకరి మేడ మీద నిచ్చెనెక్కి కాయిల్ కడగతా ఉన్నాను. ఫోను మోగింది.

"మామా, లెక్కల్లో యాభై ఎనిమిది."

నిచ్చెన దిగినాను. దిగకపోతే పడిపోయేవాణ్ణి. "అమ్మకి చెప్పినావా?"

"చెప్పలా. ముందు నీకే."

"పిచ్చిదానా, పోయి చెప్పు" అన్నాను. తడి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇంటాయన పైకి వచ్చి, "ఏమైందయ్యా, షాక్ కొట్టిందా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. పదకొండు మందిలో తొమ్మిది మంది పాసైనారు. మిగతా ఇద్దరినీ టీచరమ్మ వదిలిపెట్టలేదని తర్వాత తెలిసింది. ఏసీలు తిరిగి మార్చుకుందామా అని నేనడిగితే, వచ్చే మే నెలకి ఇంకా ఎక్కువ మంది పిల్లలు వస్తారు, ఉండనీ అనింది టీచరమ్మ.

ఆ ఆదివారం అక్కా వాళ్ళింటికి పోయినాను. జరిగిందంతా అప్పటికే బయటపడింది. అక్క నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, కోడి కూర పెట్టింది. బావ పక్కన కూర్చుని, పాత అలవాటు కొద్దీ, "ఇప్పుడు ఈ పిల్లను ఏం చేద్దాం బామ్మర్దీ?" అన్నాడు.

"నన్ను అడగొద్దు బావా. పాపని అడుగు."

బావ పాప వైపు తిరిగినాడు. బహుశా మొదటిసారి. మౌనిక కూర గిన్నె కింద పెట్టి, "ఎంపీసీ" అనింది. లెక్కలు ఉండే గ్రూపే. ఇంట్లో అందరం ఒక్కసారి నవ్వినాం.

అప్పటి నించి ఎవరింట్లో ఏసీ మార్చాలన్నా నేను మధ్యాహ్నం మూడింటికే పోతాను. ఎంతమంది ఉంటారని అడుగుతాను, అడిగినాక తలుపు తీసి చూస్తాను. వాళ్ళే పెద్దది కావాలంటే, ఎందుకని అడిగి చెప్పేది వింటాను. పనిలో ఇది మంచి పాఠం. కానీ నన్ను ఇప్పటికీ గుచ్చేది ఏసీ కాదు. పది అడుగుల గదికి మిషను పెట్టేముందు నేను టేపు తీసి కొలిచినాను, నాలుగు ప్రశ్నలడిగినాను. మా అక్క కూతురి చదువు ఆపమనేముందు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.