అత్తయ్య పీకేసిన టమాటా మొక్కలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను. టెక్సాస్‌లో మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో ఆ కోపానికి చేతినిండా పని. మా ల్యాబ్‌లో నాకు రెండు గదులు ఇచ్చారు. ఒకదాంట్లో ఇప్పుడు మనం పీల్చే గాలి. రెండోదాంట్లో మా పిల్లలు ముసలివాళ్ళయ్యేనాటికి రాబోయే గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉన్నది. రెండింట్లోనూ టమాటాలు పెంచి, అన్నిటికీ ఒకే వైరస్ అంటించాను. ఏ గాలిలో మొక్క తెగులుకి బాగా తట్టుకుంటుందో తేల్చాలి. అప్పటికే రెండుసార్లు తేలలేదు. ఈసారీ తేలకపోతే గదులు వేరే విద్యార్థికి ఇచ్చేస్తానని మా ప్రొఫెసరమ్మ నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెబితే మాత్రం గుండెల్లో రాయి పడదా?

పైగా ఇంకో మెలిక. ఏ మొక్క ఏ గదిదో నాకు తెలుసు కాబట్టి తెగులు నేను చూడకూడదట. ఏమీ తెలియనివాళ్ళు చూసి, తెగులు ఎంత ముదిరితే అంత ఎక్కువగా సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. ఆరు నెలలకని వచ్చిన మా అత్తయ్య అప్పుడు ఇర్వింగ్‌లో మా ఇంట్లోనే ఉంది. గుంటూరు వైపు ముప్పయ్యేళ్ళు మిరపచేలో తిరిగిన మనిషి. ఇంతకన్నా ఎవరు కావాలి?

శనివారం ఉదయం కారెక్కించి తీసుకెళ్ళాను. కుండీలన్నీ కలిపేసి బల్ల మీద పెట్టి, ప్రతి కాండానికీ నంబరు చీటీ కట్టాను. కాగితం, పెన్సిలు అత్తయ్య చేతికిచ్చి బయట కూర్చున్నాను. అరగంటకి ఆవిడ చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"అయిపోయిందమ్మాయ్. తెగులు మొక్కలన్నీ పీకి పారేశా."

"పీకేశారా! మార్కులేయమన్నాను కదత్తయ్యా!"

"మార్కులేందే? ఆకు ముడత పడ్డ మొక్కని చేలో ఉంచుతారటే ఎవరన్నా? పక్కదానికి అంటుకోదూ?"

లోపల నేల మీద మొక్కల కుప్ప. కాగితం తెల్లగా ఉంది. అత్తయ్య కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే చెడామడా తిట్టేసేదాన్ని. ఊరికే ఉండలేక కుప్పలో చీటీలు చూడటం మొదలుపెట్టాను. మొదటిది ఇప్పటి గాలి గదిది. రెండోదీ అంతే. మూడోదీ అంతే! అడుక్కి వచ్చేసరికి రెండో గదివి ఒకటీ అరా తగిలాయి. బల్ల మీద నిటారుగా నిలబడ్డవి దాదాపు అన్నీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ తాగినవే.

"అత్తయ్యా!" అని మట్టి చేతులతోనే ఆవిణ్ణి వాటేసుకున్నాను.

"వదులే! ఇందాకేమో మొహం గంటు పెట్టుకున్నావ్, ఇప్పుడేంది ఈ సంబరం?"

సోమవారం ప్రొఫెసరమ్మ కథంతా విని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గాలి పాడవడం మంచిదని కాదు సుమా, ఇది ఒక్క మొక్క ఒక్క వైరస్‌కి ఇచ్చిన జవాబు అంది. నమ్మాలంటే మరోసారి చేయాలని గదులు నాకే ఉంచింది. చూడటానికి మీ అత్తగారే రావాలి, పీకొద్దని మాత్రం చెప్పు అంది.

చెప్పాను. "పీకొద్దంటే నా చేతులు కట్టేయమను," అంది అత్తయ్య.

రెండోసారి నిజంగానే చేతులు వెనక్కి కట్టుకుని మొక్కల ముందు నిలబడింది. తెలుగు అంకెలు ఐదు దాకా అత్తయ్య దగ్గరే నేర్చుకున్న ప్రొఫెసరమ్మ, పక్కనే నిలబడి రాసుకుంది. తలుపు బయట నేను చెవి ఆనించి వింటున్నాను.

"నాలుగు."

"నాలుగు," అంది ప్రొఫెసరమ్మ, నాలుక మడతపడుతుంటే.

"ఐదు. ఇదిగో తల్లీ, దీన్నొక్కదాన్నన్నా పీకనీయవే!"

మాటలు అర్థం కాకపోయినా ప్రొఫెసరమ్మకి సంగతి అర్థమైంది. పీకనిచ్చింది.