నా క్వెరీ, మా నాయన బోర్లు

వజ్రకరూరు దగ్గర మా ఊరు. తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి మా పక్క చేలల్లో వజ్రాలు వెతుకుతారు. మా నాయన మాత్రం ఏడాది పొడుగునా నీళ్ళు వెతుకుతాడు. రెండింట్లో వజ్రమే సులువుగా దొరుకుతుందని మా అమ్మ అంటుంది.

అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగే మనిషిని పిలిపిస్తాడు. టెంకాయ నిక్కి నిలబడిన చోట బోరు వేయిస్తాడు. వందల అడుగులు దిగినా దుమ్ము తప్ప ఏమీ రాదు. నాలుగోది కూడా అలాగే అయ్యాక, ఇంక బోరు మాట ఎత్తనని అమ్మ ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

నిరుడు ఎండాకాలం ఆ ఒట్టు గట్టు మీద పెట్టేశాడు. "ఇదొక్కటేమే. అయిదోది. ఇది పడకుంటే బోరు బండి మొగం సూడను" అన్నాడు. ఆ ఒక్కదాని కోసం ఇంట్లో ఉన్న రెండు ఎనుములనూ అమ్ముతానన్నాడు. అవి అమ్మ దూడలప్పటి నుంచి సాకినవి. ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం బండివాడికి గురువారం రమ్మని చెప్పేశాడు. నాయనకు నచ్చజెప్పమని అమ్మ నాకు ఫోను చేసింది.

నేను అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో డేటాబేసు చూసుకుంటాను. అందులో మా సర్వేవాళ్ళు ఊరూరా తిరిగి రాసుకొచ్చిన రైతుల వివరాలు ఒక పట్టిక, వాళ్ళ బోర్ల వివరాలు ఇంకో పట్టిక. ప్రతి రైతుకూ ఒక నంబరుంటుంది, ఆ నంబరు పట్టుకుని రెండు పట్టికలనూ కలుపుతాం. మా పెద్దసార్లకు ఈ గొడవ పట్టదు. ఇంగ్లీషులో ఒక మామూలు వాక్యం పంపి, సాయంత్రానికల్లా జాబితా కావాలంటారు. ఆ వాక్యాలను డేటాబేసుకు అర్థమయ్యే ప్రశ్నలుగా, అంటే క్వెరీలుగా మార్చీ మార్చీ ప్రాణం విసిగి, ఆ పని తనంతట తనే చేసే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాను.

మొదటి రోజే అది నన్ను భయపెట్టింది. తక్కువ వాన పడిన ఊళ్ళేవని ఇంగ్లీషులో అడిగితే, ఉన్న ఊళ్ళన్నీ తెచ్చి పెట్టింది. ఎక్కడ తప్పు జరిగిందోనని ఒక పూటంతా తల పట్టుకున్నాను. తప్పేమీ లేదు, మా జిల్లా అంతే.

తర్వాత పెద్దసారు, బోర్లు ఎండిన రైతుల జాబితా కావాలని రాశాడు. తక్కువ నీటి పంటల గురించి మాట్లాడడానికి వాళ్ళను మీటింగుకు పిలవాలట. ప్రోగ్రాం కన్ను మూసి తెరిచేలోగా జాబితా ఇచ్చింది. పక్కనే బోరు వేసిన సర్వే నంబరు, లోతు కూడా ఇచ్చింది. అందరూ శభాష్ అన్నారు. నేను ఆ పొగడ్తలు వింటూ టీ తాగుతుంటే ఆ వివరాలతో సహా ఉత్తరాలు అచ్చయి పోస్టుకు వెళ్ళిపోయాయి. ఒక రైతును ఒక్కసారే చూపించమని క్వెరీలో ఒక ముక్క ఉండాలి. అది లేదు. ఒక్కో రైతుకు ఎన్ని బోర్లు ఎండితే అన్ని ఉత్తరాలు.

బుధవారం నేను ఇంటికి వెళ్ళేసరికి పోస్టుమ్యాను మా వాకిట్లో ఉన్నాడు. "ఏమన్నా, ఇంట్లో పెండ్లేమన్నా ఉండాదా? అన్ని కాగితాలూ నీకే వచ్చినాయి" అంటూ కట్ట నాయన చేతిలో పెట్టబోయాడు. అమ్మ మధ్యలోనే అందుకుంది. ఆమె చదువు అంతంతమాత్రమే గాని సర్వే నంబర్లు గడగడా చదువుతుంది. ఒక్కొక్కటీ మంచం మీద పరిచింది. మొత్తం తొమ్మిది.

"నాలుగంటివే?" అంది.

"ఆ కంప్యూటరుకేం తెల్సు మే, ఒగే కాగితాన్ని తొమ్మిది తూర్లు కొట్టినాది" అని నాయన నా వైపు చూశాడు. "చెప్పు పాపా."

ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఉత్తరాల్లో తొమ్మిది సర్వే నంబర్లు, తొమ్మిది లోతులు. ఒక్కటీ అబద్ధం కాదు. అయినా, "అవునమ్మా, తప్పు నాదే. ఒగటే రావాల" అన్నాను. ఆ మాట వరకూ అదీ నిజమే. నాయన హమ్మయ్య అనుకుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అమ్మ నన్ను చూడనేలేదు. మళ్ళీ ఒకసారి ఎంచింది.

"తొమ్మిదేనా? పది కదా ఉండాల్సింది?"

నా ప్రోగ్రాం మీద నాకున్న గర్వమంతా అక్కడే దిగిపోయింది.

"పదోది సర్వేవాళ్ళకు చెప్పల్యా" అన్నాడు నాయన మెల్లగా. "సిగ్గయినాది. నీకెట్ల తెల్సు?"

"గుత్తిలో పనుండాదని పోతాంటివి. వచ్చేటప్పటికి పంచె నిండా బోరు బండపిండి. ఉతికేది నేను కాదా?"

ఇన్నేళ్ళూ తెలిసి కూడా ఒక్క మాట అనలేదా అని నాకు అమ్మ మీద కోపమొచ్చింది. అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. నాయన జేబులోంచి ఫోను తీసి బోరు బండివాడికి కలిపాడు.

"రేపు రావద్దులేప్పా" అన్నాడు.

ఏమైందన్నా అని అవతల వాడు అరిచి అడుగుతున్నాడు. నాయన అమ్మ చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పది పంచెలు ఉతికిందంటప్పా" అని ఫోను పెట్టేశాడు.