దింపుడు కళ్లం దగ్గర డీజే

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. జనగామలో నాకు డీజే నేర్పిన మహానుభావుడు అచ్చం ఆ బాపతే. అందరం ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లం. పాటకు పాట కలపాలంటే చెవి ఉండాలి. ఆయనకు ఉన్నదల్లా ఒక బటన్. అది నొక్కితే రెండు పాటల వేగం ల్యాప్‌టాపే కలిపేస్తుంది. ఈయన చేతులు గాల్లోకి లేపి, ఆ కష్టమంతా తనదే అన్నట్టు ముఖం తుడుచుకునేవాడు. థూ!

నేను మాత్రం పాత మిక్సర్ ఒకటి ఇంట్లో పెట్టుకుని ఫేడర్ మీద సాధన చేశాను. రెండు పాటల మధ్య జరిగే చిన్న మీట అది. అటు తోస్తే ఒక పాట, ఇటు తోస్తే రెండోది. రెప్పపాటులో ఒక్క మాటను కోసి అవతల పారేయొచ్చు. ఆ విద్య వచ్చేసిందని నాకు ఒళ్లంతా పొగరే.

అన్నకు ఇంకో రోగముంది. ప్రతి పాటలోనూ తన గొంతు దూర్చేవాడు: "లే! లే! లేసి దుమ్ము లేపు!" పెళ్లి పాటకూ అదే, చావు పాటకూ అదే.

"సావు పాటల గదెందుకన్నా?" అని అడిగాను.

"గది లేకుంటె పాట నాదని ఎట్ల తెలుస్తది తమ్మీ?" అన్నాడు. తెలివి తెల్లారినట్టే ఉంది.

నేను ఒక్కణ్నే పోయిన మొదటి పని జఫర్‌గఢ్ దగ్గర ఒక ముసలమ్మ శవయాత్ర. కొడుకుల్లేరు, ఒక్కతే బిడ్డ. డీజే బండి కదిలేముందు ఆమె నా దగ్గరికొచ్చి, "జర మర్యాదగ పెట్టు తమ్మీ. ఒర్రుడు గిర్రుడు వద్దు. మా అవ్వకు లొల్లి పడది" అంది. పాటలన్నీ అన్న దగ్గర తెచ్చినవే, ఆయన అరుపుతో సహా. అయినా నా వేలుంది కదా అనుకున్నాను. ఊళ్లో ఉన్నంతసేపూ ఆ అరుపు వచ్చే చోటల్లా ముందే పసిగట్టి కోసేశాను. ఒక్కటీ బయటపడలేదు. ఆ బటన్ గాడు అక్కడుంటే చూపించేవాణ్ని!

ఊరు దాటాక దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ అయినవాళ్లు చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణముంటే పలుకుతుందేమోనని. పాట ఆపమని ఎవరో చెయ్యెత్తారు. పాట ఆపేస్తే అయిపోయేది. నా పొగరు ఊరుకోలేదు. ఫేడర్‌ను ఠక్కున రెండో పక్కకు తోశాను. అటువైపు ఏమీ లేదనుకున్నాను. తర్వాతి పాటను నేనే అక్కడ ముందే నడిపి మరిచాను; దాని మొదట్లోని ఖాళీ ఇంకా అయిపోలేదు.

బిడ్డ వంగి, "అవ్వా... అవ్వా..." అంది. మూడోసారి పిలిచేలోపు స్పీకర్ డబ్బాలు దద్దరిల్లాయి. "లే! లే! లేసి దుమ్ము లేపు!"

"నీ యవ్వ, సావుకాడ పరాచికమా?" అంటూ ఒకాయన బండెక్కి కాలర్ పట్టుకున్నాడు. చెంప పగిలింది. అన్నను తిట్టుకుందామంటే కుదరదు. తోసిన వేలు నాది.

"ఆగుండ్రి, కొట్టకుండ్రి" అంది ఆ బిడ్డ కింద నుంచి. తల్లి ముఖం మీద నుంచి చూపు తీయకుండానే నాతో అంది:

"తమ్మీ, ఇంకొక్కపారి పెట్టు. నేను పిలిస్తె లేస్తలేదు."