యాదగిరిని చైర్మన్ చేసిన విశాలాక్షి మేడమ్

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క లైన్.

విశాలాక్షి మేడమ్ ఇక లేరు.

బ్యాగు పక్కన పెట్టి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

అయినా చూడండి, గ్రూప్‌లో ఒక్కరు కూడా వెంటనే ఆర్ఐపీ అని పెట్టలేదు. ఎవరు చెప్పారు, ఇంట్లోవాళ్ళతో ఎవరైనా మాట్లాడారా అని అందరిదీ అదే ప్రశ్న. చివరికి మా క్లాస్‌మేట్ యాదగిరే, మేడమ్ వాళ్ళ అమ్మాయికి ఫోన్ చేశాడు.

నిజమే. నిద్రలోనే పోయారట.

ఆ తర్వాతే ఏడ్చాం. అలా అడగడం నేర్పింది ఆవిడే మరి.

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. తొంభైల చివర్లో, హైటెక్ సిటీలో ఆ గుండ్రటి టవర్ కొత్తగా లేచిన రోజులు. కొండాపూర్‌లో ఒక టైలర్ షాపు పైన మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. మేడమ్‌ది కాకినాడ. మాకు ఇంటర్నెట్ క్లాసు చెప్పేవారు. స్టూడెంట్స్‌ని కూడా "అండి" అనేవారు, మాకు భలే నవ్వొచ్చేది.

అప్పట్లో కంప్యూటర్ చెప్పిందంటే ఇక తిరుగులేదు. జాతకం కూడా కంప్యూటర్‌లో వేయిస్తేనే పెళ్ళివాళ్ళు ముట్టుకునేవారు.

అలాంటి రోజుల్లో మా డైరెక్టర్ ఒక వెబ్‌సైట్ చూపించాడు. అమెరికా కంపెనీ, ఆ టవర్‌లోనే బ్రాంచి, మా బ్యాచ్ మొత్తానికీ ఉద్యోగాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే సోమవారం కంపెనీకి పంపేస్తానన్నాడు. అతనూ మోసపోయాడో, అందులో వాటా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాన్న ఆ పేజీ ప్రింటు తీయించి దేవుడి పటం దగ్గర పెట్టాడు. నా టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా అన్నీ డైరెక్టర్ బీరువాలోకి వెళ్ళిపోయాయి.

మేడమ్‌కి చెప్తే, ఆ కంపెనీ ఉందని మీకెలా తెలుసండీ అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"సైట్ల ఉంది గద మేడమ్. కంప్యూటర్ల అబద్ధమెట్ల వస్తది?"

ఆవిడ వాదించలేదు. అందరినీ కూర్చోబెట్టి నోట్‌ప్యాడ్ తెరవమన్నారు. ఎవరైనా ఊరికే పేజీ పెట్టుకోగలిగే ఒక ఫ్రీ సైట్‌లో మాతోనే ఒక కంపెనీ కట్టించారు. టవర్ ఫోటో పెట్టాం. దేశదేశాల్లో బ్రాంచీలు పెట్టాం. సూటు వేసుకున్న ఎవరో తెల్లదొర ఫోటో కింద "చైర్మన్ యాదగిరి" అని రాశాం.

యాదగిరి వాళ్ళకు కొండాపూర్‌లో పాడి బర్రెలు ఉండేవి. వాడు లంచ్‌కి ముందే మల్టీనేషనల్ ఓనర్ అయిపోయాడు.

మేడమ్ రెండు పేజీలూ పక్కపక్క కంప్యూటర్లలో తెరిచి, ఏది అసలుదో చెప్పమన్నారు.

యాదగిరే మెల్లగా అన్నాడు.

"మేడమ్, మనదే జర అసలుదాని లెక్క కనవడ్తుంది."

అప్పుడు మొదలైంది అసలు క్లాసు. ఈ పేజీ పెట్టింది ఎవరు? ఈ కంపెనీ గురించి బయటివాళ్ళు ఎవరైనా రాశారా? మనం నమ్మితే ఎవరికి లాభం? మాటిమాటికీ తెగిపోయే డయలప్‌తో వెతికాం. ఆ పేరు ఇంకెక్కడా లేదు. పైగా సైట్ అడ్రస్ చూస్తే, అమెరికా కంపెనీ కూడా మా యాదగిరి ఉన్న ఫ్రీ సైట్‌లోనే కాపురం పెట్టింది.

నేనూ మేడమ్ కలిసి టవర్‌కి వెళ్ళి అడిగాం. అలాంటి కంపెనీ పేరే వినలేదన్నారు.

తిన్నగా డైరెక్టర్ రూమ్‌కి వెళ్ళాం. మేడమ్‌ది మదీనాగూడలో కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఆ ఉద్యోగం పోతే కష్టమని మాకు తెలుసు, ఆవిడకు ఇంకా బాగా తెలుసు.

"పిల్లల సర్టిఫికెట్లు ఇచ్చేయండి. ఇచ్చేదాకా కదలమండి."

గొంతు పెంచలేదు. వెనకాల మెట్ల మీద దాకా మేమే. కింద టైలర్ కూడా మిషన్ ఆపి పైకొచ్చాడు. డైరెక్టర్ బీరువా తెరిచాడు. మేడమ్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఫైలు చేతిలో పెట్టారు. మేమైతే ప్రపంచ కప్పు గెలిచినట్టు అరిచాం.

తర్వాత ఆ సైట్ మాయమైంది. అదే కంపెనీని నమ్మి వేరే ఇన్‌స్టిట్యూట్‌లో ఒరిజినల్స్ ఇచ్చినవాళ్ళు డూప్లికేట్ల కోసం యూనివర్సిటీ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు.

అనుకున్నట్టే మేడమ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మదీనాగూడలో డాబా మీద క్లాసు పెట్టారు. బ్యాచ్ మొత్తం అటే వెళ్ళింది, పాత ఇన్‌స్టిట్యూట్‌లో కుర్చీలే మిగిలాయి.

మరుసటి ఏడాది అదే టవర్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. ఒరిజినల్స్ చూపించమన్నారు. ఫైలు తీసి దర్జాగా టేబుల్ మీద పెట్టాను. కిందికొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి మొదటి ఫోన్ మేడమ్‌కే చేశాను. నాన్న ఇప్పటికీ దెప్పుతాడు.

"కంపెనీ నిజమేనాండీ?" అన్నారు మేడమ్.

"చెక్ చేసిన మేడమ్."

అవతల ఆవిడ ఏడవడం వినిపించింది.

వెళ్ళి రండి మేడమ్. మీరు గెలిచారు, మమ్మల్నీ గెలిపించారు. ఇక ఏ దిగులూ లేకుండా చల్లగా నిద్రపోండి.