పాలాయన పాటలో అర నిమిషం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఊరు అయిపోయినట్టే. ఇప్పుడు మెట్రో ఆగే ఎల్బీ నగర్ వైపు రాళ్లూ, సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ ఉండేవి కావు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాక మాకు చేతినిండా తీరిక, నోటినిండా నినాదాలు. ఇరవై ఏళ్లవాడికి అంతకంటే ఏం కావాలి? నాకు మాత్రం చర్చిలో నేర్చుకున్న వయొలిన్ కూడా ఉండేది. అది నన్ను ఎంత చక్కగా గోతిలోకి దింపిందో ఇన్నాళ్లకు చెప్పగలుగుతున్నాను.

మా పాటల బృందానికి పెద్ద మగ్గమన్న. పోచంపల్లి నేతవాళ్ల అబ్బాయి. బాణీ కట్టేటప్పుడు మగ్గం తొక్కుతున్నట్టు కాళ్లాడించేవాడు కనుక ఆ పేరు. రాసేదీ, పాడేదీ తనే. మాటలన్నీ వెక్కిరింతలు, సంగీతం మాత్రం రాజుగారి పెళ్లికి పెట్టినంత ఘనం. చర్చి నుంచి మేం నలుగురం వయొలిన్లు, పెళ్లి బ్యాండు నుంచి క్లారినెట్టూ డోలూ, మధ్యలో హార్మోనియం. "తియ్యగ పాడుకుంట తిట్టాలె తమ్మి. గప్పుడే ఇంటికి పోయినంక మండుతది" అనేవాడు. రేషన్ చక్కెర మీద ఒక పాట, జీపులో వచ్చి చెయ్యూపి పోయే నాయకుడి మీద ఒకటి. జనం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు. వాయిద్యాల కూర్పంతా నాది. అయితే మాటలు ముందుగా మాకు కూడా చెప్పేవాడు కాదు (ఎవరో ఒకసారి ఆయన పాట ఎత్తుకుపోయి ఆయనకంటే ముందే పాడేశారట). "లాలలా" అంటూ బాణీ ఇచ్చేవాడు. మాటలు వేదిక మీదే వినాలి.

ఆ ఏడు పరీక్షలు రాయకూడదని బృందమంతా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం. అందరికంటే గట్టిగా అరిచి ఒట్టేసింది నేనే. ఇంటికి వెళితే దవాఖానలో కాంపౌండర్‌గా చేసే మా బాపు, "జై అనుడు నోటి పని, పరీక్ష రాసుడు చేతి పని. రెండు చెయ్యి" అని తేల్చేశాడు. కాదనే ధైర్యం నాకు లేదు. దారిలో మావాళ్లే కాపలా. అందుకని పంచె కట్టి, తలకు తువాలు చుట్టి, మా పాలాయన దగ్గర సైకిలు అడుక్కుని, ఖాళీ క్యానులో హాల్‌టికెట్టూ కలమూ పెట్టుకుని బయల్దేరాను. సరిగ్గా మా హార్మోనియం వాయించేవాడే అడ్డం వచ్చాడు. "ఏయ్ పాలాయనా, పొద్దటి సంది చాయ్ లేదు. జర అర్ధసేరు పొయ్యి." తల దించుకుని "అయిపోయినయ్" అంటూ తొక్కాను. (ఊళ్లోకి అప్పుడే వస్తున్నవాడికి పాలు ఎలా అయిపోయాయో అతనికి తట్టలేదు, దేవుడి దయ.)

కడుపులో దాచుకోలేక ఆ సాయంత్రం మగ్గమన్న ఒక్కడికే చెప్పాను. పడీపడీ నవ్వి, భుజం మీద చెయ్యేసి, "పరేషాన్ గాకు, ఎవ్వరికి చెప్ప" అన్నాడు. నాలుగు రోజులకు కొత్త బాణీ ఇచ్చాడు. "గీడ అర నిమిషం నీ వయొలిన్ ఒక్కటే ఉండాలె. మనిషి కరిగిపోవాలె" అన్నాడు. రెండు వారాలు తిండి మానేసి ఆ అర నిమిషం కట్టాను.

సభనాడు మైదానం నిండా జనం. మగ్గమన్న కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు:

"పాలాయన పోతుండు, పక్కకు జరుగుండ్రి
క్యాన్ల పాలు లేవు, కలమొక్కటున్నది!"

జనం విరగబడి నవ్వారు. రెండో చరణంలో అర్ధసేరు అడిగిన మాట రాగానే హార్మోనియం ఆగిపోయింది. అతను మెల్లగా నా వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే నా అర నిమిషం వచ్చింది. కమాను కింద పెట్టేసి దిగిపోవచ్చు. కానీ అంత బాగా నేనెప్పుడూ కట్టలేదే! ఎవరూ వినకుండా పోతే ఎలా? నన్ను తిట్టే పాటకు నేనే ప్రాణం పెట్టి వాయించాను. చప్పట్లు మోగిపోయాయి.

దిగాక హార్మోనియం అతను, "ఒట్టేసినప్పుడు నా చెయ్యే పట్టుకున్నవ్ గదరా" అన్నాడు. నాతో అదే ఆఖరి మాట. మగ్గమన్ననేమో, "గసుంటి ముచ్చట దొరికితే ఎట్ల ఇడుస్తరు తమ్మి? నీ పేరైతే చెప్పలే గద" అన్నాడు. ఆయన మీద ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఇంతా చేసి ఆ పరీక్ష తప్పాను. మరుసటి ఏడు అందరం ఒకే హాల్లో కూర్చుని రాశాం. సిరా అయిపోతే హార్మోనియం అతను నన్ను దాటి వెనకవాణ్ణి అడిగాడు.

ఆ పాటతోనే మగ్గమన్న దశ తిరిగింది. రేడియో, క్యాసెట్లు, శాలువాలు. వాయిద్యాలు కూర్చింది ఎవరో ఏనాడూ చెప్పలేదు. మొన్న మన్సూరాబాద్‌లో ఆయనకు సన్మానమంటే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. నా అర నిమిషం ఒక వయొలిన్ టీచరమ్మ వాయించింది, చివర ఒక స్వరం తప్పుగా. ఉండబట్టలేక, సభ అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి పాడి చూపించాను.

"మీకెట్ల తెలుసు సార్?"

యాభై ఏళ్లు దాచుకున్నది నోట్లోంచి జారింది. "గా పాలాయనను నేనే, బిడ్డా."

ఆమె పకపకా నవ్వింది. "మీరు గూడనా? నిరుడు ఒక పెద్దాయన గూడ వచ్చి గట్లనే అన్నడు సార్. ఎన్కట గీ పాటకు హార్మోనియం వాయించిండట. ఆయనకు శాలువ గూడ కప్పిన్రు!"

ఇన్నేళ్లు దాచుకున్న సిగ్గును ఇంకొకడు ఎత్తుకుపోతే ఇంత మంట పుడుతుందని నాకు తెలీదు. తర్వాత నాకే నవ్వొచ్చింది.

"అయితే ఆయనే అయ్యుంటడు. నువ్వు మాత్రం గా స్వరం సరిచేస్కో బిడ్డా" అని చెప్పి వచ్చేశాను.