ముందు అతనికి చదివి వినిపించు

పెద్దమ్మ పోయింది. దోహాలోని అల్ ఘర్రాఫాలో ఒక విల్లా మీద ఏసీ విప్పుతుండగా ఆమె కూతురి మెసేజ్ వచ్చింది. వైద్యానికని తన దేశం అమెరికా వెళ్ళిన మనిషి అక్కడే కన్నుమూసింది. కింద నుంచి ఫోర్‌మన్ యల్లా యల్లా, తొందరగా కానీ అని అరుస్తున్నాడు. బోల్టులు బిగించాను. ఇంకేం చేస్తాను?

మీలో ఆమె పుస్తకాలు చదివినవాళ్ళు ఉండరు. ఆమె దేశంలోనే చాలామంది చదవలేదు. నల్లజాతి స్త్రీ. వాళ్ళమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళ బట్టలు ఉతికి పెంచింది. పెద్దమ్మ పగలు టెలిఫోన్ ఆఫీసులో పనిచేస్తూ, పిల్లలు లేవకముందు వంటింటి బల్ల మీద రాసుకుంది. జుట్టు నెరిశాక దోహా వచ్చి కాలేజీ పిల్లలకు రాయడం నేర్పింది.

ఆమె ఇంటి ఏసీ బాగుచేయడానికి వెళ్ళి, మర్యాదకని ఆంటీ అన్నాను. మొహం గట్టిపడింది. వాళ్ళ ఊళ్ళో నల్ల ఆడవాళ్ళకు గౌరవం ఇవ్వడం ఇష్టంలేని తెల్లవాళ్ళు అలాగే పిలిచేవారట. మీ అమ్మకు అక్కనైతే ఏమంటావని అడిగింది. అలా పెద్దమ్మ అయింది. కుర్చీ వేసి కూర్చోమంది. ఈ దేశంలో నాకు కుర్చీ వేసిన ఇల్లు అదొక్కటే.

అవి ఫుట్‌బాల్ ప్రపంచకప్ పనుల రోజులు. కెమెరాలతో వచ్చినవాళ్ళు మమ్మల్ని దిగులుగా నిలబడమనేవారు. ఒళ్ళు మండేది. లేబర్ క్యాంప్‌లో మా గదిలో ఉండే అన్న, జగిత్యాల దిక్కు మనిషి, సైట్‌లో ఎండకు పడిపోతే కంపెనీ మర్నాడే డ్యూటీకి రమ్మంది. అదంతా అతని పేరుతో సహా రాశాను. ఒక విలేకరికి ఇవ్వబోతూ పెద్దమ్మకు చెప్పాను. ఆమె ఒకటే అడిగింది.

"అతనికి చదివి వినిపించావా?"

అతని కోసమే రాశాను, మళ్ళీ అతన్ని అడిగేదేమిటని ఎగిరాను. అప్పుడు తన మొదటి పుస్తకం సంగతి చెప్పింది. అందులో వాళ్ళమ్మ గురించి ఉన్నదున్నట్టు రాసింది. పత్రికలు మెచ్చుకున్నాయి. చదువురాని ఆ అమ్మకు పక్కింటివాళ్ళు చదివి వినిపిస్తే, ఆమె కూతురితో మాటలు మానేసింది. అప్పటినుంచి ఎవరి గురించి రాసినా ముందు వాళ్ళకు వినిపించాకే అచ్చుకు ఇచ్చేది. పుస్తకాలు ఆలస్యమయ్యాయి. అచ్చువేసేవాళ్ళు ఆమెను మరిచిపోయారు.

"కోపం నీది. బతుకు అతనిది," అంది.

ఆ కోపంతోనే క్యాంప్‌కు పోయి అన్నకు చదివాను.

"ఏడ్సిన అని రాసినవ్. నేనెప్పుడు ఏడ్సిన్రా? తిట్టిన. ఆ తిట్లు రాయి," అన్నాడు. "పేరు మాత్రం పెట్టకు తమ్మీ. నౌకరి పోతది. ఇంటికాడ నన్ను సూపర్‌వైజర్ అనుకుంటుండ్రు."

పేరు తీసేసి, తిట్లు చేర్చాను. పెద్దమ్మ తెలుగులోనే చదవమంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తిట్ల దగ్గర పడీపడీ నవ్వి, ప్రాణమొచ్చింది ఇక్కడే అంది. పేరు లేకపోతే వద్దన్నాడు విలేకరి. వద్దంటే మానె.

ఆమె పోయాక, మొన్న శుక్రవారం, సెలవు. ఆ అమెరికా అమ్మ ఏం రాసిందో చెప్పమని అన్న అడిగాడు. ఆమె నాకిచ్చిన తన మొదటి పుస్తకం తీసి, వాళ్ళమ్మ పేజీలు నాకు చేతనైనట్టు తెలుగులో చెప్పాను. బట్టల సోడాకు పగిలిన వేళ్ళు. ఉతికిన దుప్పటి మీద ఆ వేళ్ళ రక్తం అంటితే, మళ్ళీ మొదటినుంచి ఉతకడం.

"మనది గూడ చదువు," అన్నాడు అన్న. అతని గురించి రాసింది తీసి మొదలుపెట్టగానే ఆపాడు. "పేరు పెట్టి చదువు. వీళ్ళంత మనోళ్ళే."

చదివాను. బట్టలు ఉతకడానికి బయల్దేరిన పక్క గదివాళ్ళు బకెట్లు చేతిలోనే పట్టుకొని గుమ్మంలో నిలబడ్డారు. అన్న మంచం మీద నిటారుగా కూర్చొని, తన పేరు వచ్చిన ప్రతిసారీ హాజరు పలుకుతున్నట్టు తల ఊపాడు.